కిడ్నీ మార్పిడి తర్వాత ఎఫ్‌ఎస్‌జీఎస్ తిరగబెడుతుందా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. నాలుగో ఏట ముఖం, కాళ్లు ఉబ్బితే పరీక్ష చేయించాం. మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. ఆరు వారాలు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినా ఒక్కరోజు కూడా ఆగలేదు. బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్ (కిడ్నీ వడపోత గుచ్ఛాల్లో అక్కడక్కడా మచ్చలు పడే జబ్బు) అని తేలింది. ఏడాదిపాటు రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ వాడినా లాభం లేక ఆరు నెలల కిందట ఆపేశారు. ఇప్పుడు బరువు 18 కిలోలు, ఎత్తు 108 సెంటీమీటర్లు, క్రియాటినైన్ 2.1. కిడ్నీ మార్పిడికి సిద్ధం కమ్మంటున్నారు. మా ఆవిడ తన కిడ్నీ ఇస్తానంటోంది. ఈ జబ్బు కొత్త కిడ్నీకీ వస్తుందని, ఇచ్చింది వృథా అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టర్ జన్యు పరీక్ష కోసం మా ముగ్గురి రక్తం అడిగారు. ఇవ్వొచ్చా? మాకు రెండేళ్ల బాబు కూడా ఉన్నాడు. వాడికీ వస్తుందా?

సమాధానం: మీ బంధువుల మాటలో కొంత నిజముంది. ఎఫ్‌ఎస్‌జీఎస్ ఉన్న పిల్లలందరినీ ఒక గాటన కట్టి చూస్తే, కొత్త కిడ్నీలో జబ్బు తిరగబెట్టేది సుమారుగా ముగ్గురిలో ఒకరికి. అయితే ఆ సగటు పట్టుకుని మీ పాప గురించి ఏమీ తేల్చలేం. బయాప్సీలో ఒకేలా కనిపించే ఆ మచ్చల వెనక కనీసం రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాంట్లో ముప్పు చాలా తక్కువ, రెండోదాంట్లో చాలా ఎక్కువ. మీ పాపది ఏదో తేలకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు. రక్తం ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇవ్వండి, కాకపోతే కొన్ని షరతులు చూసుకుని ఇవ్వండి.

ముందు టైమ్ ఎంతుందో చూద్దాం. పిల్లల్లో కిడ్నీ పనితీరు లెక్కకు ష్వార్ట్జ్ సూత్రం వాడతారు. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి క్రియాటినైన్‌తో (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పేరుకునే వ్యర్థం) భాగించాలి. మీ పాపకు 108 ఇంటూ 0.413 అంటే 44.6, దాన్ని 2.1తో భాగిస్తే 21 వస్తుంది. 30 లోపుకు వచ్చాక మార్పిడికి ఏర్పాట్లు మొదలుపెడతారు, అసలు మార్పిడి సాధారణంగా 15 దాపుల్లోకి వచ్చాకే. అంటే మీ చేతిలో బహుశా కొన్ని నెలలున్నాయి. జన్యు రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి పరీక్షకు ఇదే సరైన సమయం. క్రియాటినైన్ ఒక్కసారిగా పెరిగితే ఈ లెక్క మారిపోతుంది, అందుకే ఇప్పటినుంచి కనీసం నెలకోసారి చూపించుకోండి.

ఇక ఆ రెండు జబ్బుల సంగతి. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గుచ్ఛాల చుట్టూ పొడోసైట్లనే కణాలుంటాయి. వాటి పాదాల మధ్య సన్నని పొర ఒకటి ఉంటుంది, ప్రొటీన్‌ను రక్తంలోనే ఆపేది అదే. మొదటి రకం జబ్బులో ఆ పొరను, పొడోసైట్లను తయారుచేసే జన్యువుల్లోనే లోపం. లోపం ఉన్నది పాప సొంత కిడ్నీల్లో. తల్లి కిడ్నీలో ఆ పొర మామూలుగానే ఉంటుంది కాబట్టి అది పెట్టాక జబ్బు తిరగబెట్టడం అరుదు. స్టెరాయిడ్, టాక్రోలిమస్ లాంటి మందులు ఈ రకంలో సాధారణంగా పనిచెయ్యకపోవడానికీ కారణం ఇదే. రెండో రకంలో పొడోసైట్లు తయారీలో బాగానే ఉన్నా, రక్తంలో తిరిగే ఏదో ఒకటి వాటిని దెబ్బతీస్తుంది. కిడ్నీ మార్చినా ఒంట్లో రక్తం పాతదే. అందుకే కొందరు పిల్లల్లో ఆపరేషనైన కొన్ని గంటల్లోనే కొత్త కిడ్నీ నుంచి ప్రొటీన్ పోవడం మొదలవుతుంది.

మార్పిడి చేసిన కిడ్నీలో ఈ జబ్బు తిరగబెట్టడాన్ని హోయర్ బృందం 1972లో లాన్సెట్ పత్రికలో రాసింది. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటని అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నారు. మధ్యలో 2011లో సూపార్ అనే పదార్థం మీద చాలా ఆశలు పెట్టుకున్నారు గానీ తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. ఒక ఆధారం మాత్రం జన్యు పరిశోధన వైపునుంచి వచ్చింది. పుట్టుకతోనే ప్రొటీన్ పోయే ఫిన్లాండ్ పిల్లల్లో లోపం ఎక్కడుందో 1998లో ట్రిగ్వాసన్ బృందం పట్టుకుంది, అదే నెఫ్రిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు. ఆ పిల్లల్లో కొందరికి మార్పిడి తర్వాత కూడా ప్రొటీన్ పోయింది. కారణం వెతికితే, ఒంట్లో నెఫ్రిన్ అన్నదే ఎరగని ఆ పిల్లల రోగనిరోధక వ్యవస్థ కొత్త కిడ్నీలోని నెఫ్రిన్‌ను పరాయిదనుకుని దానిమీద యాంటీబాడీలు తయారుచేసింది. జన్యు రకంలో జబ్బు తిరగబెట్టదు అన్న సూత్రానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఇది. 2022లోను, మరింత పెద్ద ఎత్తున 2024లోను వచ్చిన పరిశోధనలు జన్యులోపం లేని నెఫ్రోటిక్ (మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయే) రోగుల్లోనూ ఇలాంటి యాంటీబాడీలను చూపించాయి. 2024 నాటి అధ్యయనంలో జబ్బు చురుగ్గా ఉండి ఇంకా మందులు మొదలుపెట్టని పిల్లల్లో 90 శాతం మందికి అవి కనిపించాయి. మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టిన కొందరిలోనూ దొరికాయి. అయితే అందరిలోనూ ఇదొక్కటే కారణం అనడానికి లేదు. పరీక్ష కూడా ఇంకా అన్ని ల్యాబుల్లో లేదు. మీకు అందుబాటులో ఉంటే మార్పిడికి ముందు ఒకసారి చేయించి ఆ అంకె దాచిపెట్టుకోవడం మంచిది.

మీ పాప విషయంలో ఒక ఆనవాలు కొంచెం ధైర్యమిచ్చేది. మొదటినుంచీ స్టెరాయిడ్‌కు ఒక్కసారీ లొంగలేదన్నారు కదా. మొదట లొంగి, ఆ తర్వాత మొండికెత్తిన పిల్లల్లో తిరగబెట్టే ముప్పు అన్నిటికంటే ఎక్కువ. ఎప్పుడూ లొంగనివాళ్లలో జన్యు కారణం ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్‌కు లొంగని నెఫ్రోటిక్ కుటుంబాలు 1,783ను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 29.5 శాతం కుటుంబాల్లో ఒకే జన్యువు కారణమని తేలింది. జబ్బు ఎంత చిన్న వయసులో మొదలైతే ఆ శాతం అంత పెరుగుతుంది. మేనరికం లాంటి దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లోనూ పెరుగుతుంది.

రిపోర్టు చదవడంలోనే చాలామంది బోల్తాపడతారు. పేజీ నిండా జన్యువుల పేర్లుంటాయి గానీ చూడాల్సినవి మూడే. జన్యువు ఏది, మార్పు ఆ జన్యువు రెండు ప్రతుల్లో (ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుంది) ఒకదాంట్లోనా రెండిట్లోనా, దాన్ని ఏ తరగతిలో వేశారు. ‘వ్యాధికారకం’, ‘బహుశా వ్యాధికారకం’ అని ఉంటేనే దాన్నిబట్టి నిర్ణయాలు. ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని రాస్తే దాన్ని కారణంగా లెక్కవేసి ఇక తిరగబెట్టదని ధీమా పడకూడదు. పొడోసిన్ అనే పొడోసైట్ల ప్రొటీన్‌ను తయారుచేసే ఎన్‌పీహెచ్‌ఎస్2 జన్యువు ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఆర్229క్యూ అనే మార్పు ఆరోగ్యవంతుల్లోనూ తరచుగా కనిపిస్తుంది. రెండో ప్రతిలో కొన్ని నిర్దిష్టమైన మార్పులు జతపడితే తప్ప అది జబ్బు తేదు. ఆ రెండు మార్పులూ రెండు వేర్వేరు ప్రతుల్లో ఉన్నాయా, ఒకే ప్రతిలో ఉన్నాయా అన్నది తల్లిదండ్రుల రక్తం చూస్తేనే తెలుస్తుంది. మీ ముగ్గురి రక్తం అడిగింది అందుకే.

రిపోర్టులో డబ్ల్యూటీ1 అనే పేరొస్తే మార్పిడి సంగతి కాస్త పక్కనపెట్టి ముందు చెయ్యాల్సిన పని ఉంది. ఈ లోపం ఉన్న కొందరు ఆడపిల్లలకు క్రోమోజోములు ఎక్స్‌వై అయి ఉంటాయి. వాళ్లలో అండాశయాల స్థానంలో ఉన్న కణజాలం కణితిగా మారే ముప్పుంది. కిడ్నీలో విల్మ్స్ కణితి ముప్పూ ఉంది. కాబట్టి క్రోమోజోమ్ పరీక్ష, పొట్ట స్కానింగ్ తప్పనిసరి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టకముందే ఇవి తేలాలి. ఇంకో చిన్న గుంపు సీవోక్యూ జన్యువులది. వాటిలో లోపం ఉంటే కోఎంజైమ్ క్యూ10 పెద్ద మోతాదులో ఇస్తారు. తొలిదశలోనే పట్టుకుంటే ప్రొటీన్ తగ్గుతుంది. మీ పాప దశలో కిడ్నీని తిరిగి తెచ్చే ఆశ తక్కువే. కానీ కుటుంబంలో ఇంకో చిన్నపిల్లాడు ఉన్నాడు కాబట్టి ఆ సమాచారం వృథా పోదు.

మీ ఆవిడ దాతగా పనికొస్తుందా అన్నదీ ఈ రిపోర్టు మీదే ఆధారపడి ఉంది. పొడోసిన్ రకంలో జబ్బు రావాలంటే రెండు ప్రతులూ చెడాలి. తల్లికి ఒకటే చెడి ఉంటుంది కాబట్టి మిగతా పరీక్షలు బాగుంటే సాధారణంగా ఆమె ఇవ్వొచ్చు. ఒక్క ప్రతి చెడితేనే జబ్బు తెచ్చే జన్యువులు కొన్నున్నాయి, ఐఎన్‌ఎఫ్2, టీఆర్‌పీసీ6 లాంటివి. అవి ఉంటే ఏ లక్షణమూ లేని తల్లికీ ముందు ముందు జబ్బు రావొచ్చు. అలాంటప్పుడు ఆ మార్పు ఉన్న మనిషి నుంచి కిడ్నీ తీసుకోకూడదు. కొలాజెన్ జన్యువుల లోపం కూడా బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్‌లా కనిపిస్తుంది, అక్కడా ఇదే జాగ్రత్త. తర్వాత మామూలు వరస. బ్లడ్ గ్రూప్, హెచ్‌ఎల్‌ఏ, క్రాస్‌మ్యాచ్ (దాత కిడ్నీ పాపకు సరిపడుతుందో చూసే పరీక్షలు), బీపీ, షుగర్, మూత్రంలో ప్రొటీన్, సీటీలో రక్తనాళాలు. సాధారణంగా ఎడమ కిడ్నీ తీస్తారు, దాని సిర పొడవుగా ఉండి కుట్టడానికి వీలుగా ఉంటుంది. పాపకు జీవితకాలంలో ఒక కిడ్నీతో సరిపోదు. మీ దంపతులిద్దరిలో ఎవరు ముందు ఇవ్వాలో, రెండోసారికి ఎవరు మిగలాలో ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడుకోండి.

జన్యు కారణమేదీ దొరకలేదనుకుందాం. అయినా మార్పిడి మానుకోనక్కర్లేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఎఫ్‌ఎస్‌జీఎస్ ఉన్నంత మాత్రాన మార్పిడి కాదనకూడదనే చెబుతున్నాయి. తిరగబెట్టే ముప్పు గురించి కుటుంబంతో ముందే విడమర్చి మాట్లాడాలని మాత్రం అంటాయి. జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ప్లాస్మా మార్పిడో (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి వేరేది ఎక్కించడం), యాంటీబాడీలు తయారుచేసే కణాలను తగ్గించే రిటుక్సిమాబో అందరికీ ఇవ్వడాన్ని అవి సూచించడం లేదు. ఎవరైనా రొటీన్‌గా చేద్దామంటే మా పాపకు ప్రత్యేకించి ఎందుకని అడగండి. మొదటి కిడ్నీ ఈ జబ్బు తిరగబెట్టే పోతే రెండోసారి కూడా అలా జరిగే ముప్పు సుమారు 80 శాతం. అలాంటి చోట బతికున్న దాత కిడ్నీ తీసుకోవడానికి చాలామంది డాక్టర్లు వెనకాడతారు. మీరు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారు.

ఈ నెలల్లో చేసుకోవాల్సిన వాటిలో టీకాలు అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది మర్చిపోయేదీ ఇదే. తట్టు, గవదలు, రుబెల్లా టీకా, ఆటలమ్మ టీకా బతికున్న వైరస్‌తో చేసినవి. మార్పిడయ్యాక వాటిని సాధారణంగా ఇవ్వరు, ఇవ్వాలంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి. టాక్రోలిమస్ ఆపి ఆరు నెలలైంది కాబట్టి మీ పాపకు ఇప్పుడు అవకాశం దొరికింది. పాత టీకా కార్డు తీసుకెళ్లి ఏవి బాకీ ఉన్నాయో ఈ వారమే చూపించండి. హెపటైటిస్ బీ టీకా వేసినా, నెఫ్రోటిక్ పిల్లల్లో యాంటీబాడీలు మూత్రంతోపాటు పోతుంటాయి. అందుకని స్థాయి కొలవాలి, 10 కంటే తక్కువుంటే మళ్లీ డోసులు వెయ్యాలి. ఈబీవీ, సీఎంవీ అనే వైరస్‌ల పరీక్షలు పాపకూ తల్లికీ ఇద్దరికీ చెయ్యాలి. పాపకు ఈబీవీ ఇంతకుముందు సోకకుండా, తల్లికి సోకి ఉంటే, మార్పిడి తర్వాత లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) లాంటి సమస్య వచ్చే ముప్పు పెరుగుతుంది, పర్యవేక్షణ కట్టుదిట్టంగా ఉండాలి.

బీపీ సంగతి కూడా గట్టిగా పట్టించుకోండి. 2009లో వచ్చిన ఎస్కేప్ అధ్యయనంలో 385 మంది పిల్లలకు రామిప్రిల్ అనే బీపీ మందు ఇచ్చారు. వాళ్లలో 24 గంటల సగటు బీపీని వయసుకు సగటు కంటే కిందికి దించినవాళ్లలో కిడ్నీ క్షీణత నెమ్మదించింది. పాపకు ఆ రకం మందు ఇస్తుంటే ఒక జాగ్రత్త ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి, తగ్గేదాకా ఆపాలా అని అడగండి. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఈ మందు కొనసాగితే క్రియాటినైన్, పొటాషియం ఒక్కసారిగా పెరుగుతాయి. జ్వరానికి ఐబుప్రొఫెన్ అసలు వద్దు. 108 సెంటీమీటర్లు ఏడేళ్ల ఆడపిల్లకు తక్కువే, గ్రోత్ హార్మోన్ ఇప్పుడే మొదలుపెట్టాలా అని కూడా అడగండి.

పెద్దవాళ్ల కిడ్నీ ఇంత చిన్న ఒంట్లో పడుతుందా అని అందరికీ అనుమానం. పడుతుంది. చాలాచోట్ల పది కిలోలు దాటితే చేస్తారు. సమస్య చోటు గురించి కంటే రక్తప్రవాహం గురించి. పెద్ద కిడ్నీకి పెద్ద ప్రవాహం కావాలి. అందుకే చిన్నపిల్లల్లో దాన్ని తొడవైపు రక్తనాళాలకు బదులు నేరుగా మహాధమనికి, మహాసిరకు కుడతారు. ఆపరేషన్‌కు ముందు ఆ సిరలు తెరుచుకుని ఉన్నాయా అని డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే స్కానింగ్)లో చూడాలి. గతంలో తొడలో పెట్టిన లైన్ల వల్లో, నెఫ్రోటిక్ పిల్లల్లో రక్తం గడ్డకట్టే స్వభావం వల్లో అవి మూసుకుపోయి ఉండొచ్చు. ప్రొటీన్ మరీ ఎక్కువగా పోతూ ఆల్బుమిన్ బాగా తగ్గిపోతే, సొంత కిడ్నీలను ముందే తీసేసే అవసరం కూడా రావొచ్చు. ఆపరేషన్ తర్వాత పాపకు శరీర వైశాల్యాన్నిబట్టి చదరపు మీటరుకు రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల ద్రవం అవసరం పడుతుంది. మీ పాప వైశాల్యం సుమారు 0.73 చదరపు మీటర్లు, అంటే దాదాపు లీటరున్నర నుంచి 1.8 లీటర్లు. అంత తాగలేకపోతే ట్యూబు ద్వారా ఇస్తారు. తాగడం తగ్గితే పెద్ద కిడ్నీకి రక్తం చాలదు.

జబ్బు తిరగబెడుతోందా అన్నది మూత్రంలో ప్రొటీన్, క్రియాటినైన్ నిష్పత్తితో తెలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. సొంత కిడ్నీలు ఇంకా మూత్రం పోస్తుంటే మొదటి రోజుల్లో కనిపించే ప్రొటీన్ ఏ కిడ్నీదో చెప్పలేం. అందుకే ఆపరేషన్‌కు ముందురోజు అంకె రాసిపెట్టుకోవాలి. తర్వాత మొదటి వారమంతా రోజూ కొలవాలి. ఆ అంకె రోజురోజుకూ పడిపోతుంటే పాత కిడ్నీలు చల్లబడుతున్నట్టు, పెరుగుతుంటే జబ్బు తిరగబెట్టిందేమోనని చూడాలి. వెంటనే పట్టుకుంటే ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్‌తో సగానికి పైగా పిల్లల్లో పూర్తిగానో కొంతవరకో అదుపులోకి వస్తుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గుతుంది.

ఇంటికొచ్చాక ఎక్కువ తేడాలు టాక్రోలిమస్ దగ్గరే వస్తాయి. రక్తపరీక్ష ఉన్న పొద్దున మందు వెయ్యకుండా తీసుకెళ్లాలి. రాత్రి ఎనిమిదికి వేస్తే పొద్దున ఎనిమిదికి రక్తం ఇచ్చి, అక్కడే డోసు వెయ్యాలి. వేసి వెళ్తే అంకె తప్పుగా ఎక్కువొచ్చి, డాక్టర్ డోసు తగ్గించేస్తారు. అక్కడినుంచి కిడ్నీని శరీరం తిరస్కరించే దారి తెరుచుకుంటుంది. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ ఈ మందు స్థాయిని పెంచుతాయి. రిఫాంపిసిన్, ఫెనిటోయిన్ తగ్గిస్తాయి. విరేచనాల్లో స్థాయి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ నిజానికి పెరుగుతుంది. మూడుసార్లకు మించి విరేచనాలైతే స్థాయి చూపించాలి.

బాబు విషయం. పొడోసిన్ లాంటి రెండు ప్రతుల లోపం తేలితే, ఒక్కో బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతు. కారణం తేలాక బాబుకు ఆ ఒక్క మార్పు చూస్తే చాలు. ఈలోగా నెలకోసారి తెల్లవారి మొదటి మూత్రంలో డిప్‌స్టిక్ (ప్రొటీన్ ఉంటే రంగు మారే పట్టీ) ముంచి, తీసి, 60 సెకన్లు ఆగి డబ్బా మీది రంగులతో పోల్చండి. రెండు నిమిషాలయ్యాక చూస్తే రంగు ముదిరి లేనిపోని భయం పుడుతుంది. 2+ వస్తే మర్నాడు మళ్లీ చూడండి, మళ్లీ వస్తే డాక్టర్ దగ్గరికి.

ఇక పరిశోధన సమ్మతి పత్రం. సంతకం పెట్టేముందు అడగాల్సింది ప్రధానంగా ఒకటి, ఫలితం మీకు చెబుతారా? చాలా పరిశోధనల్లో చెప్పరు. చెప్పినా ఎన్ని నెలలకో ఏళ్లకో తెలియదు. ఆ ఫలితం మీద ఆధారపడి ఆపరేషన్ తేదీ పెట్టుకునే పరిస్థితి మీది కాదు. కాబట్టి వైద్యం కోసం వేరే నమూనా గుర్తింపు ఉన్న క్లినికల్ ల్యాబుకు పంపమనండి. పరిశోధన ల్యాబులో ఏదైనా దొరికితే దాన్నీ క్లినికల్ ల్యాబులో ధ్రువీకరించాకే నమ్మాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మిగిలిన నమూనాను ఎన్నేళ్లు దాస్తారు, పేరు తీసేసి ఇతరులకు పంచుతారా, జబ్బుకు సంబంధం లేనిదేదైనా కనబడితే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదిలారా, మధ్యలో మానుకుంటే వైద్యం ఏమైనా ఆగుతుందా, ఇవి రాతలో ఉండాలి. మానుకుంటే వైద్యం ఆగకూడదు. ఏడేళ్ల పాపకు కూడా అర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పించమనండి. రక్తం ఎంత తీస్తారో అడగండి. యూరప్ మార్గదర్శకాల్లో పరిశోధన కోసం ఒక్కసారికి ఒంట్లోని రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం మించకూడదని ఉంది. 18 కిలోల పాపకు అది దాదాపు 14 మిల్లీలీటర్లు, 43 మిల్లీలీటర్లు. జన్యు పరీక్షకు రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. కిడ్నీ జబ్బులో హీమోగ్లోబిన్ ఎలాగూ తక్కువుంటుంది కాబట్టి వైద్యానికి తీసే రక్తంతో కలిపి ఒకే సూదితో తీయమనండి.